నీలితొట్టి: సున్నం బస్తా

పోయిన వారం నీలి అద్దకం మేస్త్రిని మనం వేదిక మీద, మైకు ముందు, చప్పట్ల మధ్య వదిలి వచ్చాం. కొత్త షోరూము ప్రారంభానికి వచ్చినవాళ్ళలో ఒకాయన మర్యాదకు ఒక ప్రశ్న వేశాడు. "ఇంత ముదురు నీలం ఊళ్ళో ఎవరికీ రావడం లేదు, మీకెలా వస్తోందండీ? అంతా దేవుడి దయేనా?" అన్నాడు. అవునని తలూపితే సరిపోయేది. మేస్త్రి నవ్వి, "చేతకానివాడు ప్రతిదానికీ దేవుడి పేరు చెప్పుకుంటాడు. నాకా అవసరం లేదు. చచ్చిపోయిన తొట్టిని ఈ చేత్తో సున్నం వేసి బతికించాను. మొన్న కొత్త షెడ్డులో ప్రతి తొట్టికీ అదే మందు వేశాను. బాగున్న తొట్టికి వేసినా నీలం ఇంకా ముదురుతుంది" అని కుడి అరచెయ్యి ఎత్తి, అందులోని కాలిన మచ్చ జనానికి చూపించాడు. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఉన్న ఆయన ఇల్లాలు కూడా లేచింది. లేచి, వెనకవాళ్ళకు అడ్డం రాకుండా వంగి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

మరునాడు పొద్దున మేస్త్రి అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పక్కమంచం నలగకుండా ఉండటం ఆయన చూశాడు. అలిగిందిలే, అదే వస్తుంది అనుకున్నాడు. మనిషికి మంచిరోజులు వచ్చినప్పుడు మొదట పోయేది చూపు. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది, లెక్కలోకి మాత్రం రాదు. ఆ రోజు మధ్యాహ్నం పెద్ద కంపెనీ నుంచి కొనుగోళ్ళు చూసే ఆవిడ వస్తోంది. నిన్న వేదిక ముందు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆవిడే. ఆవిడ ఊ అంటే, ఇక ఏడాది పొడుగునా ఆ కంపెనీ గుడ్డంతా మేస్త్రి తొట్లలోనే మునుగుతుంది. ఆయన మనసంతా అక్కడే ఉంది.

అప్పుడు వచ్చాడు బావమరిది. ఇల్లాలి తమ్ముడు, కొత్త షెడ్డు అజమాయిషీ అంతా అతనిదే. మామూలుగా గుమ్మంలోంచే కబుర్లు మొదలుపెట్టే మనిషి, ఆ పొద్దున చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"బావా, తొట్లు పడుకున్నాయి."

"ఏ తొట్టి?"

"అన్నీ. తెట్టు లేదు, వాసన లేదు. గుడ్డ ముంచితే బూడిదరంగులో వచ్చింది. ఉతికితే అదీ పోయింది."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, తెలియనివాళ్ళకు నీలితొట్టి సంగతి చెప్పాలి. అది రంగు కలిపిన నీళ్ళ కుండీ కాదు. నీలిమందు, తవుడు, చిటికెడు సున్నం వేస్తే లోపల పులుస్తుంది. పులుస్తున్నంతసేపే దానికి ప్రాణం. ప్రాణం ఉన్న తొట్టి మీద రాగిరంగు తెట్టు కడుతుంది, గది గదంతా ఒక ఘాటు వాసన వేస్తుంది. కొత్త తొట్టి కావాలంటే పాలకు తోడు పెట్టినట్టు పాత తొట్టిలోంచి ఒక బిందెడు తీసి కలపాలి. మేస్త్రి కొత్త షెడ్డులోని తొట్లన్నీ అలా పుట్టినవే. తల్లితొట్టి మాత్రం వీధి చివర, రేకుల పాత షెడ్డులో ఉంది. దాని తాళం మొదటినుంచీ ఇల్లాలి కొంగుకే ఉంటుంది.

ఈ పనిలో ఇంకో వింత ఉంది. తొట్టిలో ముంచిన గుడ్డ పైకి తీసినప్పుడు నీలంగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక, చూస్తూ ఉండగానే, అంచు నుంచి మొదలై నీలంగా మారుతుంది. ఆ మారేటప్పుడు ఎవరి చెయ్యీ దాని మీద ఉండదు. అందుకని పాత షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. రోజూ మొదటి గుడ్డ దండెం మీద వెయ్యగానే పనివాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు దించుకుని, "మాది కాదు" అనేవాళ్ళు. అంతే, ఇంకో మాట లేదు. అది పూజా కాదు, ప్రార్థనా కాదు, కానీ అది అనకుండా ఆ షెడ్డులో పని మొదలయ్యేది కాదు. కొత్త షెడ్డుకు చూడవచ్చే పెద్దమనుషులు ఎక్కువయ్యాక మేస్త్రి ఆ పద్ధతి తీసేశాడు. ఇప్పుడు గుడ్డ రంగు మారేటప్పుడు ఆయన దాని ముందు నిలబడి, చెయ్యి చాచి, పైనుంచి కిందికి గాల్లో నిమురుతాడు. చూసేవాళ్ళకు రంగు ఆయన వేళ్ళలోంచి కారుతున్నట్టే ఉంటుంది. ఫొటోలు కూడా బాగా వస్తాయట.

"ప్రారంభానికి ముందు నువ్వే కదా బావా అన్నిట్లో డబ్బాలకు డబ్బాలు సున్నం వేశావు," అన్నాడు బావమరిది, నేల చూస్తూ. "ఎక్కువైందేమో."

"నోరు ముయ్యి. ఆ సున్నమే లేకపోతే నీకు ఈ ఉద్యోగమే లేదు."

అన్నాడు గానీ, చొక్కా ఆఖరి గుండీ ఎంతకీ కాజాలోకి దూరలేదు. దాన్ని అలాగే వదిలేసి పాత షెడ్డుకు బయలుదేరాడు.

షెడ్డు తలుపు తెరిచే ఉంది. ఇల్లాలు తొట్టి గట్టు మీద మోచెయ్యి ఆనించి, పొడుగాటి కర్రతో నెమ్మదిగా కలుపుతోంది. నిన్నటి పట్టుచీర మడిచి కిటికీలో పెట్టి ఉంది. పని చీర కట్టుకుంది. తొట్టి మీద తెట్టు తళతళలాడుతోంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే మేస్త్రికి పోయిన ప్రాణం లేచివచ్చింది. ఇది బతికే ఉంది. ఇంకేం, అంతా చక్కబడుతుంది. ఊపిరి పీల్చుకుని, గోడవారన ఉన్న రాతిదిమ్మ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఆ షెడ్డులో అందరూ కూర్చునేది దాని మీదే.

"రాత్రంతా ఇక్కడే ఉన్నావా?"

"ఇల్లు అనిపించిన చోట ఉన్నాను."

"సరే, నా మీద కోపం ఉంటే తర్వాత తీర్చుకో. కొత్త షెడ్డు తొట్లు పడిపోయాయి. తోడు కావాలి. బిందెలు పంపిస్తాను."

"తీసుకోండి. కాదన్నానా? కానీ తోడు వేసిన పూటే తొట్టి లేవదు, ఆ సంగతి మీకూ తెలుసు. మధ్యాహ్నం వచ్చేవాళ్ళకు ఏం చూపిస్తారు?"

"ఇదే చూపిస్తాను. ఇక్కడికే తీసుకొస్తాను. అసలు తొట్టి ఇదే అంటే వాళ్ళు ఇంకా మురిసిపోతారు. ఆ రోజు దీన్ని ఎలా బతికించానో చెబుతాను."

కలుపుతున్న కర్ర ఆగింది.

"ఎలా బతికించారు?"

"అదేం ప్రశ్న?"

"నాకు చెప్పండి. వాళ్ళకు చెప్పినట్టే చెప్పండి."

మేస్త్రికి చిరాకు వేసింది. అయినా ఆ కథ చెప్పమంటే ఆయన నాలుక ఊరుకోదు. "వానలు. రేకులు కారుతున్నాయి. తొట్టి చచ్చిపోయి చాలా రోజులైంది. అందరూ పారబొయ్యమన్నారు. నువ్వూ ఏడుస్తూ కూర్చున్నావు. నాకు ఒక్కసారిగా తట్టింది, దీనికి సున్నం తక్కువైందని. మూలనున్న బస్తా విప్పి, చేత్తోనే తీసి వేశాను. చెయ్యి కాలింది. తెల్లారేసరికి తెట్టు కట్టింది."

"బస్తా విప్పారు."

"విప్పాను."

"ఏ బస్తా?"

"మనకు ఉన్నదే ఒక్క బస్తా కదా."

"లేవండి," అంది ఇల్లాలు.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టి లేపి, కొంగుతో ఆ రాతిదిమ్మ మీది దుమ్ము తుడిచింది. ఏళ్ళ తరబడి మనుషులు కూర్చుని పైభాగం నున్నగా అరిగిపోయింది గానీ, పక్కలన్నీ గరుగ్గా, గోనె అల్లిక అచ్చుపడి ఉన్నాయి. ఒక కొసన మూతి దగ్గర, పురికొసతో బిగించి వేసిన కుట్టు కనిపిస్తోంది. పురికొస నల్లబడి రాతిలో కలిసిపోయింది. కుట్టు మాత్రం ఎక్కడా తెగలేదు.

"ఆ బస్తా ఇదే. వానకు తడిసి ఆ వారమే గట్టిపడిపోయింది. విప్పడానికి మీరు చాకు తెచ్చారు, చాకు దిగలేదు. గునపంతో కొట్టబోతే నేనే వద్దన్నాను, ఎందుకూ పనికిరాదు, కూర్చోవడానికైనా ఉంటుంది ఉంచండి అన్నాను. ఇది చిటికెడు కూడా బయటికి రాలేదు. ఆ రోజు తొట్టిలో సున్నం పడలేదు. తవుడూ పడలేదు, లేదు కాబట్టి. మీరు వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు."

మేస్త్రి తన అరచెయ్యి చూసుకున్నాడు. ఆ మచ్చ అక్కడే ఉంది. అబద్ధం చెబుతున్నానని తెలిసి చెప్పేవాడికి పట్టుబడినప్పుడు సిగ్గేస్తుంది. ఈయన అలా చెప్పినవాడు కాదు, నిజమని నమ్మే చెప్పాడు. సున్నం మంట ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. ముక్కులో ఆ ఘాటు గుర్తుంది.

"మరి ఈ మచ్చ?"

"కొత్త షెడ్డు గోడలకు సున్నం కొట్టించినప్పటిది. పనివాడి మీద కోప్పడి, బొచ్చె మీరే లాక్కున్నారు. వెన్న రాసింది నేనే."

ఇల్లాలు మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళి గట్టుకు ఆనుకుంది. ఆమె గొంతులో కోపం కూడా పెద్దగా లేదు, అలసట ఉంది. అదే ఆయనకు మరీ కష్టంగా తోచింది.

"ఆ సాయంత్రం మీరు తొట్టి అడుగు బిరడా పీకబోయారు. పొద్దుటిదాకా ఆగండి అని నేను చేతులు పట్టుకున్నాను. నాకేదో తెలుసని కాదు, చూడలేక ఆపాను. మీరు ఈ నేల మీద బోర్లా పడుకుని, నా వల్ల కాదు, ఇక నువ్వే చూసుకో అన్నారు. నాతో కాదు ఆ మాట. తెల్లారి తెట్టు చూసి, చొక్కా కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తారు. కనబడ్డ ప్రతివాణ్ణీ పట్టుకుని, నేనేమీ చెయ్యలేదు, నేనేమీ చెయ్యలేదు అని చెప్పుకున్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈ షోరూములోనూ చూడలేదు."

"అది..." అని మేస్త్రి అరచెయ్యి చొక్కాకు రుద్దుకున్నాడు.

"ఆ తర్వాత కొన్నాళ్ళు, దేవుడు చూశాడు అనేవారు. ఇంకొన్నాళ్ళకు, దేవుడు నాకో ఆలోచన ఇచ్చాడు అన్నారు. రెండు తొట్లు పెరిగాక, నాకో ఆలోచన తట్టింది అన్నారు. కొత్త షెడ్డు లేచాక సున్నం వచ్చింది. నిన్నటికి అరచేతిలో మచ్చ కూడా వచ్చి చేరింది. మీరు ఒక్కసారిగా ఆయన్ని వెళ్ళగొట్టలేదండీ. పాత సామాను ఒక్కొక్కటే బయట పెట్టినట్టు, నెమ్మదిగా పెట్టారు."

"అంటే ఇప్పుడు నేను నలుగురి ముందు నిలబడి దేవుణ్ణి పొగడాలా? అదేనా నీకు కావలసింది?"

"ఆయనకేం కొరత. మీరు పొగడకపోతే ఆయన పస్తులుండడు. నేనడిగేది మీ గురించి. ఎందుకు బతికిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలియదు అనుకున్నన్నాళ్ళూ మీరు రోజూ వచ్చి దీన్ని ముట్టుకుని చూసేవారు. భయంగా చూసేవారు. నాకు తెలుసు అనుకున్న రోజున వెళ్ళి తొట్లన్నీ చంపి వచ్చారు."

ఆ మాట వచ్చి సూటిగా తగిలింది. మేస్త్రి ఎటు చూడాలో తెలియక తొట్టిలోకి చూశాడు. రాగిరంగు తెట్టులో ఆయన మొహం ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఆ క్షణంలో ఆయనకు నిజంగానే భయం వేసింది. చాలా ఏళ్ళ తర్వాత చేతులు జోడించాడు. జోడించి, నోరు తెరిచి, "స్వామీ, ఈ ఒక్కటీ గట్టెక్కించు. ఈ ఆర్డరు చేతికి రానీ. ఆ తర్వాత నీ సంగతి తప్పకుండా చూస్తాను" అన్నాడు.

అన్నాక, ఆ గొంతు ఎక్కడో విన్నట్టు తోచింది. నీలిమందు అమ్మేవాణ్ణి వచ్చే వారం రమ్మని సాగనంపేటప్పుడు ఆయన వాడే గొంతు అది.

"ఆయనకు కూడా వాయిదాయేనా?" అంది ఇల్లాలు.

మేస్త్రి చేతులు విడిపోయాయి. "నీకేం కావాలో చెప్పు. తిన్నగా చెప్పు."

"కంపెనీ ఆవిడ వస్తుంది కదా. ఒక్క మాట చెప్పండి. ఈ తొట్టిని నేను బతికించలేదు, ఎందుకు బతికిందో నాకు తెలియదు, తెలుసనుకుని మిగతావి పాడుచేసుకున్నాను, కొన్ని వారాలు ఆగండి అని. ఆగితే ఆగుతుంది, పోతే పోతుంది. దీని నుంచి మళ్ళీ తోడు తీసుకుందాం. మొదట్లోలా."

"పోతే? నీకు తెలుస్తోందా ఏమంటున్నావో? ఆవిడ కొనేది గుడ్డ కాదు, నన్ను. నా చెయ్యిని. అది ఉత్తుత్తిదే అని నేనే చెబితే ఇంకేం మిగులుతుంది?"

"మీరు మిగులుతారు. నాకు ఆ మనిషి కావాలి."

ఇక్కడ మేస్త్రికి న్యాయం చెయ్యాలి. ఆ క్షణంలో ఆయన మనసు కరిగింది. చెప్పేద్దాం అనే అనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో కూడా లోపల ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ఇంకాస్త వ్యవధి దొరికి ఉంటే చెప్పేసేవాడేనేమో. కానీ బయట కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

కంపెనీ ఆవిడ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ముందు బావమరిది వంగి వంగి దారి చూపిస్తూ, వెనక ఆవిడ, చేతిలో ఫోను పట్టుకుని. "కొత్త షెడ్డుకే వెళ్ళాం. తొట్లు విశ్రాంతి తీసుకుంటున్నాయని మీవాళ్ళు చెప్పారు," అంది నవ్వుతూ. బావమరిది మేస్త్రి కళ్ళలోకి చూడలేదు. "పోనీండి, నాకు అసలు చూడాలని ఉన్నది ఇదే. నిన్న మీరు చెప్పిన తొట్టి ఇదే కదా?"

"ఇదేనండి."

"నమస్తే అమ్మా," అని ఇల్లాలిని పలకరించింది. మంచి మనిషిలాగే ఉంది. "మీ ఆయన మాటలు విని రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వాళ్ళందరికీ చూపించాలి. మేస్త్రిగారూ, ఒక్కసారి అలాగే చేసి చూపిస్తారా? అదే తొట్టి, అదే చెయ్యి, అదే సున్నం. నేను వీడియో తీస్తాను. ఇది చూస్తే మా వాళ్ళు ఇంకో మాట మాట్లాడరు."

"ఇప్పుడు దీనికి అవసరం లేదండి. ఇది బాగానే ఉంది."

"బాగున్నదానికి వేసినా ముదురుతుందని మీరే అన్నారుగా నిన్న," అంది ఆవిడ, ఏ దురుద్దేశమూ లేకుండా.

బావమరిది అప్పటికే కొత్త సున్నం డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టేశాడు. అతనికి ఈ తొట్టి ఎన్నిటికి తల్లో తెలియక కాదు. బావ ఆవిడకు కాదంటే ఆర్డరుతో పాటు తన ఉద్యోగమూ పోతుందని అతని భయం.

ఇది కూడా పడుకుంటే ఇక తోడుకు బిందెడు కూడా మిగలదు. మేస్త్రికి అది తెలుసు, ఇల్లాలికి తెలుసు. చెప్పవలసిన మాట ఆయన నాలుక చివరే ఉంది. నేను కాదు అన్న రెండే ముక్కలు. ఆవిడ ఫోను పైకెత్తింది. ఆ గాజుకన్ను తన మీదికి తిరగగానే మేస్త్రి వెన్ను దానంతట అదే నిటారు అయింది, గడ్డం లేచింది, పెదవుల మీదికి నిన్నటి నవ్వు వచ్చింది. "తప్పకుండా," అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయన విన్నాడు.

డబ్బా అందుకున్నాడు. నిండుగా ఉంది. చెయ్యి తొట్టి మీదికి చాచాడు.

ఆయనకేం భయం లేదు, ఎందుకంటే ఇల్లాలు ఆపుతుంది. బిరడా పీకబోతే ఆపింది. అన్నదమ్ముల తగాదాలో చెయ్యెత్తితే ఆపింది. ఇల్లు అమ్మేస్తానన్న రోజున గుమ్మానికి అడ్డం కూర్చుని ఆపింది. బతుకంతా ఎవరో ఒకరు ఆయన చెయ్యి పట్టుకుంటూనే వచ్చారు, ఆ పట్టుకోవడాన్ని కూడా ఆయన తన తెలివిలోనే జమకట్టుకున్నాడు. ఇప్పుడూ అంతే. ఆమె అడ్డం వస్తుంది, తను విసుక్కుంటాడు, ఆడవాళ్ళ భయాలండీ అని నవ్వేస్తాడు, గండం గడుస్తుంది. సున్నం డబ్బాను కాస్త వంచి, ఆమె వైపు చూశాడు.

ఇల్లాలు ఆయన్నే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. కలిపే కర్ర తీసి గోడకు ఆనించింది. తొట్టి అంచు మీద సగం వరకు ఉన్న చెక్కమూతను రెండు చేతులతో పూర్తిగా లాగి కింద పెట్టింది. తర్వాత ఆయనకు చోటు ఇచ్చి, పక్కకు జరిగింది.